చిన్న చర్చి చుట్టూ వంగిన గీత

దీనిని కాగితం మీద పెట్టక తప్పదని నేను నిర్ణయించుకోవడానికి కారణం ఒకటే. నేను చూచి వచ్చిన స్థలంలో శిలాశాసనం లేదు, ఫలకం లేదు. ఒకప్పుడు అక్కడ కథీడ్రల్, అంటే బిషప్పు పీఠం ఉండే ప్రధానాలయం, నిలిచి ఉండేదని చెప్పడానికి నేల మీద ఏటేటా సున్నంతో గీసే గీత ఒక్కటే ఉంది. ఆ గీత ఒకచోట వంకర తిరిగింది. రేపు చదువుకున్నవాడెవరో వెళ్లి, అది తెలియనివాళ్ల పొరపాటని రాసిపెట్టే ప్రమాదం ఉంది. అంతకంటే ముందే అసలు సంగతి రాయడం నా విధి అనుకున్నాను.

నేను కళాశాలలో చరిత్ర పాఠాలు చెప్పి విరమించినవాడిని. తమిళనాడులో కోయంబత్తూరు పక్కన, సూలూరు ప్రాంతంలో పాత కథీడ్రల్ స్థలంలో ఒక చిన్న చర్చి ఉందనీ, దాని చుట్టూ తెలుగు మాట్లాడే కుటుంబాలు ఉన్నాయనీ విని బయలుదేరాను. ఊరి పేరు రాయవద్దని అక్కడ నాకు ఆతిథ్యమిచ్చిన ఇంటివారు కోరారు కనుక రాయడం లేదు.

మదురై

మా మిత్రుడి బంధువులను ముందు చూచి వెళదామని ఇక్కడ రైలు దిగి, బస్టాండు ఎదురుగా ఒక మెస్సులో ఇడ్లీ తిన్నాను. నాలుగు రకాల చట్నీలు అడగకుండానే ఆకు మీద వడ్డించారు. మన దగ్గర రెండోసారి చట్నీ అడిగితే సర్వరు ముఖం చూడాలి. ఇక్కడ నేను చాలన్నందుకు సర్వరు నొచ్చుకున్నాడు. కాఫీ ఇరవై రూపాయలు, దానికి తగ్గట్టే ఉంది.

బయట నిలబడి ఇంటికి ఫోన్ చేస్తుండగా, పక్కన మల్లెపూలు మూరవేస్తున్న ఆమె చేయి ఆపి నా వైపు చూచింది.

"ఏ ఊరు మీది? టీవీలో మాట్లాడే మాదిరి మాట్లాడతా ఉండారు."

మదురై నడిబొడ్డున, నుదుట విభూతితో, అంతవరకు గుక్క తిప్పుకోకుండా తమిళంలో బేరమాడుతున్న మనిషి నోట తెలుగు విని నేను ఫోన్ పెట్టేశాను. ఆమె తెలుగు ఎక్కడ నేర్చుకున్నదని అడిగాను.

"నేర్చుకొనేది ఏముంది? ఇంట్లో మాట్లాడేది. బయట తమిళం. మీరు ఎక్కడ నేర్చినారు ఇంత సుద్దంగా?" అని నవ్వి, మూర కంటే కాస్త ఎక్కువే కత్తిరించి ఇచ్చింది. పూలు ఎవరికిస్తానో తెలియక సంచిలో పెట్టుకున్నాను.

తిరుమంగళం

మా మిత్రుడి దూరపు బంధువు రుక్మిణమ్మ తిరుమంగళంలో ఉంటారు. అరవై దాటిన మనిషి. భర్తది ఎరువుల వ్యాపారం. గడపలో ఉండగానే ఆమె నా చేతి సంచి అందుకున్నారు.

"రాండి అన్నా. బస్సులో కూసోను తావు దొరికినాదా?"

మధ్యాహ్న భోజనంలో గోంగూర పప్పు ఉంది. గోంగూర అన్న మాట మాత్రం ఆమెకు తెలియదు, పులిచ్చకీర అన్నారు. మనం ఎండుమిర్చి దట్టించి రోట్లో దంచే ఆకును వాళ్లు పప్పులో మెత్తగా మెదిపి తింటారు. నేను కారం తక్కువన్నాను. ఆమె ఊరమిరపకాయలు తెచ్చి విస్తరి పక్కన కుప్పగా పోశారు.

నేను వెళ్లబోయే చోటు చెప్పగానే ఆమె వడ్డన ఆపారు.

"ఆ కోవిలి పక్కనే మా అన్న రామసామి ఇల్లు. పవర్‌లూమ్ షెడ్డు పెట్టుకొని ఉండాడు. ఆ షెడ్డు నడుమలోనే గీత పోతాది."

"ఏ గీత?" అన్నాను. చర్చిని కూడా వాళ్లు కోవిలి అనే అంటారని అప్పుడే తెలిసింది.

"పాత పెద్ద కోవిలి గోడ ఉండిన గీత. గోడ లేదు ఇప్పుడు. గీత ఉంది. ఇప్పుడు కోవిలి వాళ్లు మళ్లీ పెద్దదిగా కట్టల్లని ఉండారు. మా అన్న ఏమన్నాడు తెలుసునా? గోడ ఎందాక కనిపిస్తాదో అందాక మీదే, ఎత్తుకోండి అనేసినాడు."

"అమ్మా, మీరు హిందువులు కదా?"

"అవును, దానికేమి?" అని ఆమె నన్ను వింతగా చూచారు. "మా నాయన పోయేటప్పుడు చెప్పినాడు, గీత లోపల ఉండేది మనది కాదు, ఊరికే పెట్టుకొని ఉండాము అని. ఆ మాట పట్టుకొని మా అన్న సగం షెడ్డు ఇస్తాడంట. సగం షెడ్డులో మగ్గాలు ఎట్ల ఆడతాయి? ఆ ఇంటికి అదే అన్నం. అన్నా, మీరు సదివినవాళ్లు. ఆడ పోయి ఏదన్నా ఒకటి చెప్పి షెడ్డును నిలబెట్టండి."

మన ప్రాంతంలో అడుగు గట్టు కోసం అన్నదమ్ములు ఏళ్ల తరబడి మాట్లాడుకోకపోవడం నేనెరుగుదును. ఎవరూ అడగని భూమిని, పరాయి మతం వారికి, కట్టడం ఆనవాలైనా మిగలని గోడను సాక్షిగా పెట్టి ఇచ్చే మనిషి ఉంటాడంటే నమ్మలేకపోయాను. చేయగలిగింది చేస్తానని మాట ఇచ్చాను. ఆమె అన్నకిమ్మని మురుకుల పొట్లం చేతిలో పెట్టారు.

సూలూరు దారి

దిండుక్కల్ మీదుగా కోయంబత్తూరు బస్సు. దారాపురం దాటాక కునుకు పట్టి, దిగవలసిన సూలూరు దాటిపోయి సింగానల్లూరులో కళ్లు తెరిచాను. వెనక్కి టౌను బస్సు పట్టుకున్నాను. ఎవరో నా సంచి మీద కూర్చున్నారు. మురుకులు నుగ్గు నుగ్గయ్యాయి. సూలూరులో దిగేసరికి విమానం ఒకటి చెవులు గింగురుమనేట్టు తల మీదుగా పోయింది. నేను మెడ ముడుచుకున్నాను, పక్కన కొబ్బరిబోండాలు కొడుతున్న మనిషి తల కూడా ఎత్తలేదు.

షెడ్డు

ఊరు చేరి ఇల్లు అడిగితే, రామసామి నాయుడు షెడ్డులో ఉన్నారని ఇంట్లోవాళ్లు చెప్పారు, నేరుగా లోపలికి వెళ్లాను. మగ్గాల మోతలో మాట వినబడదు. లోపలి చివర తెల్లచొక్కా మనిషి కనిపించి, చేయి ఊపి నాలుగడుగులు వేశాను. ఒక మగ్గం ఆగింది. దాని పక్కది ఆగింది. చూస్తుండగానే షెడ్డంతా ఆగిపోయింది. పనివాళ్లందరూ నా పాదాల వైపు చూస్తున్నారు.

వంగి చూచాను. గచ్చు మీద షెడ్డు ఈ తలుపు నుంచి ఆ తలుపు దాకా బెత్తెడు వెడల్పున సున్నపు గీత. దానికి ఇవతల వరుసగా చెప్పులు. అవతల, బూట్లతో, నేను.

నా జీవితంలో ఏ తరగతి గదిలోనూ అంత నిశ్శబ్దాన్ని నేను ఎదుర్కోలేదు. వెనక్కి వచ్చి బూట్లు విప్పాను. రామసామిగారు గబగబా వచ్చారు.

"పరవాయిల్లె సార్, తెలియక వచ్చినారు. వాంగ, వాంగ." నన్ను రమ్మంటూ ఆయన మగ్గాల వైపు చేయెత్తగానే మోత మళ్లీ మొదలైంది. "ఇది పాత పెద్ద కోవిలి లోపలి తావు. దీని లోపల మేము ఎవురమూ చెప్పులేసేది లేదు."

"మీ పనివాళ్లకు కూడా ఈ కథ తెలుసా?"

"ఒడిశా పిల్లోళ్లకు ఎట్ల తెలుస్తాది సార్? గీత దాటితే కరెంటు కొడతాదని అనుకొని ఉండారు. నేనూ కాదనలేదు."

పొట్లం ఇచ్చాను. ఆయన విప్పి, పొడిని చూచి తల ఊపారు. "మా చెల్లెలు మురుకు పంపినాదంటే కోపంగా ఉందని అర్థం. మంచి మనసుగా ఉంటే మైసూర్‌పాకు వస్తాది. షెడ్డు కాపాడమని మిమ్మల్ని పంపినాదా?"

అబద్ధం చెప్పడం నా వల్ల కాలేదు. ఆయన నవ్వి, చిటికెడు మురుకుపొడి నోట్లో వేసుకున్నారు.

చిన్న చర్చి

కూలిన స్తంభాలూ, విరిగిన తోరణాలూ ఉంటాయనుకుని మరునాడు ఉదయం వెళ్లిన నాకు పెంకుల కప్పుతో, సున్నం కొట్టిన గోడలతో, మన ఊళ్లో సహకార సంఘం గిడ్డంగి అంతటి గది కనిపించింది. లోపల నాలుగు బల్లలు పడితే ఎక్కువ. పెద్ద పండుగకు జనం ఎండలో నిలబడతారట. చుట్టూ ఒక్క పాత రాయి లేదు. ఇదేనా కథీడ్రల్ స్థలం అని నేను పైకే అన్నాను.

"రాళ్లు యాడికి పోయినాయని చూస్తా ఉండావా? తొంగి చూడు బావిలో."

మాట్లాడింది ఆరోగ్యమ్మ. ఎనభై దాటిన మనిషి, ఆ ఊరి క్రైస్తవ కుటుంబాలలో పెద్ద. వెదురు కర్ర, నడుముకు బొడ్డుసంచి. ఊరంతా ఆమెను అవ్వ అంటారు. బావిలోకి చూచాను. ఒరలో, పాచి పట్టిన రాళ్ల మధ్య, సగం చెక్కిన సిలువ గుర్తు తలకిందులుగా ఉంది.

అవ్వ చెప్పిన చరిత్ర ఇది. బిషప్పు పీఠం ఒకప్పుడు ఇక్కడే ఉండేది. తరువాత అది పట్టణానికి తరలింది. పీఠం పోయాక పెద్ద కోవిలికి దిక్కు లేకపోయింది. వాన కారింది, దూలాలు పుచ్చాయి, ఒక రాత్రి కప్పు కూలింది. కరువొచ్చినప్పుడు ఊరంతా కలిసి గోడరాళ్లు తీసి బావులకు ఒరలు కట్టుకున్నారు. ఎవరూ దోచుకోలేదు, శత్రువులు రాలేదు. మిగిలిన రాళ్లతో బలిపీఠం ఉన్నచోట ఈ చిన్న గది లేపారు.

"దేవుడి గుడి రాళ్లు బావికి వేయడం తప్పనిపించలేదా అవ్వా?" అని అడిగాను.

"నీళ్లు తాగకుండా పూజకు ఎవురు వస్తారు?" అందామె.

గుడి పోయినా గోడ ఉన్న దారిని మరవకూడదని, ఏటా పండుగకు సప్పరం, అంటే పునీతుడి బొమ్మను పెట్టి మోసే చిన్న రథం, ఆ గోడ వెంబడే తిప్పుతారు. దానికి ముందురోజు గీత మళ్లీ గీస్తారు. అవ్వ నాకు గీత వెంబడి నడిచి చూపింది. కొడుకుల గురించీ, రేషను బియ్యం గురించీ, కొత్త ఫాదరుగారి ప్రసంగాల పొడుగు గురించీ ఎడతెగకుండా మాట్లాడుతూనే ఉంది. దక్షిణపు వైపు గీత తిన్నగా వచ్చి, రామసామిగారి ఇంటికి కాస్త ముందు చటుక్కున లోపలికి వంగి, షెడ్డులోకి దూరింది. ఆ వంపు దగ్గర అవ్వ మాట ఆపేసింది. షెడ్డు దాటి అవతలికి వచ్చాక, ఆపిన చోటి నుంచే మళ్లీ అందుకుంది.

"పండక్కి మేళం కూడా ఈడ ఆగిపోతాది. దాటినాక మళ్లీ కొడతారు," అంది.

షెడ్డులో మేళం మోగితే చెవులు పగులుతాయి కనుక ఆపుతారని రామసామిగారు వివరణ ఇచ్చారు. నాకది సంతృప్తికరంగానే తోచింది.

నన్ను కలవరపెట్టింది ఆ వంపే. గోడ అనేది అట్లా వంగదు. ప్రధానాలయం కట్టేవారు తాడు పట్టి, మూల చూచి కడతారు. ఈ మాట ఆ సాయంత్రం ఫాదరుగారి సమక్షంలో అన్నాను. గీత తప్పని తేలితే షెడ్డు నిలుస్తుందన్న ఆశ లోపల లేకపోలేదు. ఫాదరుగారు చిన్నవారు, తమిళులు. ఆలోచించి, రేపే తవ్వి చూద్దామన్నారు.

గొయ్యి

షెడ్డు తలుపు బయట, గీత మీదనే మేస్త్రి గునపం దించాడు. ఎర్రమట్టి వచ్చింది, దాని కింద గట్టి మొరం. మనిషి చేయి ఎన్నడూ పడని నేల అని మేస్త్రి తేల్చాడు. రుక్మిణమ్మకు ఇచ్చిన మాట నిలిచిందని నేను ఊపిరి పీల్చుకుని రామసామిగారి వైపు చూచాను. ఆయన ముఖం నల్లబడిపోయి ఉంది.

"అట్లయితే మా నాయన చెప్పిండేది అబద్ధమా సార్? ఇన్నాళ్లు ఊరికే చెప్పులు విడిచినామా?"

షెడ్డు మిగిలినందుకు బాధపడే మనిషిని నేను మొదటిసారి చూచాను.

అప్పుడు ఫాదరుగారు నేను నిన్న అన్నమాట గుర్తు చేసుకున్నారు. గోడ వంగదు గదా అన్నారు. షెడ్డులోంచి నూలు తెప్పించి, గీత తిన్నగా వచ్చిన మేర పట్టి, వంపు దగ్గర తిప్పకుండా అలాగే ముందుకు లాగించారు. ఆ నూలుపోగు షెడ్డును మొత్తంగా చర్చి వైపే వదిలేసి, నేరుగా వెళ్లి రామసామిగారి వంటింటి మూలకు తగిలింది. అక్కడ ఆయన భార్య సరోజమ్మ గిన్నెలు తోముతున్నారు.

"లేసి పక్కకు రా," అన్నారు రామసామిగారు.

"ఈ ఒక్క సట్టి కడిగేస్తాను. కోవిలి ఎక్కడికీ పోదు," అన్నారామె.

అక్కడ మేస్త్రి ఎక్కువ తవ్వవలసిన పని లేకపోయింది. గునపం ఖంగుమంది. మట్టి తీస్తే చెక్కిన రాళ్లు, మధ్య సున్నం, పడుకున్న మనిషి అంత వెడల్పు. ఆ పునాది తిన్నగా వంటింటి గోడ కిందికి దూరింది. దూరడం కూడా కాదు. వంటింటి గోడ దాని మీదనే లేచి నిలబడి ఉంది.

షెడ్డులో సగం కాపాడడానికి వచ్చి, నా చదువుతో, నా కొలతతో, మొత్తం షెడ్డునూ వంటింటినీ కథీడ్రల్ గోడ లోపలికి తెచ్చిపెట్టాను. గోడ ఎందాక కనిపిస్తే అందాక అని ఆయన ఇచ్చిన మాట అక్కడ నిలబడిన ప్రతివారికీ తెలుసు.

రామసామిగారు గొయ్యి పక్కన కూర్చుని రాయి మీద మట్టిని అరచేత్తో తుడిచారు. లేచారు.

"మాట మాటే సామీ. గోడ కనిపించినాది. షెడ్డూ, వంటిల్లూ మీదే. కొన్నాళ్లు టైము ఇవ్వండి, మగ్గాలు ఎత్తేస్తాను."

సరోజమ్మ చేతిలో తోమిన గిన్నె అలాగే ఉంది. "ఒకటి చెప్పండి," అన్నారు నెమ్మదిగా. "పొయ్యి ఆర్పేదా, వద్దా? కొళ్లు ఉడకతా ఉండాయి." కొళ్లంటే ఉలవలు.

వంటిల్లు

ఆరోగ్యమ్మ కర్ర పక్కన పెట్టి, గిన్నెలు తోమే రాతి మీద కూర్చుంది.

"ఈ మలుపు కాడ మేళం కొట్టొద్దు, బిడ్డ నిద్రపోతా ఉందని మా అవ్వ చెప్పేది. ఏ బిడ్డ అని నేను అడగలేదు. చిన్నప్పుడు ఏసుబిడ్డ అనుకొంటిని. పెద్దయినాక మరిచిపోతిని." ఆమె సరోజమ్మ వైపు తిరిగింది. "మీ ఇంట్లో పురుడు పోసేది ఏ గదిలో?"

సరోజమ్మ గిన్నె కింద పెట్టారు. "వంటింటి పక్క గదిలోనే అవ్వా. నాకూ ఆడే. మా అత్తకూ ఆడే. వెన్నీళ్లు దగ్గరగా ఉంటాదని."

అవ్వ తల ఊపింది. "చూడు సామీ. ఎప్పుడో ఒక పండక్కి ఈ ఇంట్లో పచ్చి బాలింత ఉండింది. సప్పరం గోడ మీదే పోవల్లంటే ఆ గదిలోకి పోవల్ల. మావాళ్లు మేళం ఆపి, సప్పరం వంచి, పక్కగా తీసుకొని పోయినారు. మరుసటేడు ఇంకో బిడ్డ ఉండిందేమో. అట్లే నిలిచిపోయినాది. గోడ వంగలేదు. మావాళ్లు వంగినారు."

ఫాదరుగారు తమిళంలో ఏదో అన్నారు. గోడ నిజమే కదా, మాట కూడా నిజమే కదా అని దాని సారం.

"మాట ఇచ్చేది నాయుడు పని. ఎత్తుకొనేది మా పని. మేము ఎత్తుకోము," అంది అవ్వ. "నా పెద్దలు వంచిన గీతను నేను తిన్నగా గీసేది లేదు. ఈ అమ్మ పొయ్యి తీసేసి ఆడ కొవ్వొత్తి పెడితే ఆ సామికి నచ్చుతాదా?"

వచ్చినవాళ్లలో ఎవరూ ఎదురు చెప్పలేదు. మేస్త్రి ఒకడు మాత్రం తన కూలీ సంగతేమిటని గొణిగాడు. ఫాదరుగారు కాసేపు గోడనూ, అవ్వనూ మార్చి మార్చి చూచి, "పాట్టి సొన్నా సరి," అన్నారు. పెద్దావిడ చెప్పాక అంతే అని. బిషప్పుగారికి తానే నివేదిస్తానన్నారు. చిన్న చర్చి చిన్నదిగానే ఉంటుంది, పెంకులు మాత్రం మారుస్తారు.

రామసామిగారి మనసు ఇంకా కుదుటపడలేదు. "ఊరికే పెట్టుకొనేది నా వల్ల కాదు అవ్వా. పండగ రోజు మగ్గాలు ఆపి షెడ్డంతా తెరుస్తాను. మీ జనం ఎండలో నిలబడొద్దు. అన్నం ఆడే పెట్టుకోండి. ఇంకొకటి, చెప్పులు ఇంక గీత దగ్గర కాదు, షెడ్డు గడప బయటే." ఆయన కాస్త తడబడి భార్య వైపు తిరిగారు. "వంటిల్లు కూడా లోపలే అయిపోయినాది. ఆడ కూడా..."

"వంటింట్లో మనము ఎప్పుడు చెప్పులేసినాము?" అన్నారు సరోజమ్మ.

ఆమె లోపలికి వెళ్లి పొయ్యి మంట సరిచేశారు. బయట గొయ్యి పూడ్చడం మొదలైంది. మొదటి పార మట్టి అవ్వ వేసింది. మధ్యాహ్నం ఆ వంటింట్లోనే, నేల మీద చాప వేసుకుని, అందరం ఉలవల రసంతో అన్నం తిన్నాము. మన ఉలవచారంత చిక్కన కాదు, వెల్లుల్లి ఘాటు ఎక్కువ. ఒక ప్రధానాలయపు గోడకు వీపు ఆనించి తింటున్నానన్న స్పృహ నాకు ప్రతి ముద్దకూ కలుగుతూనే ఉంది. సంచిలో వాడిపోయి మిగిలిన మదురై మల్లెలను అవ్వ చేతికిచ్చాను. ఆమె వాసన చూచి, బొడ్డుసంచిలో దోపుకుంది.

సూలూరు బస్టాండు నుంచి రుక్మిణమ్మకు ఫోన్ చేశాను.

"షెడ్డు నిలిచినాదా అన్నా?"

"నిలిచింది అమ్మా. కానీ మీ వదినగారి వంటిల్లు కోవిలి గోడ మీదే ఉందని తేలింది."

"నేను పుట్టింది ఆ పక్క గదిలోనే," అన్నారామె. "ఈసారి పండక్కి మైసూర్‌పాకు చేసుకొని పోతాను."

నాకు తమిళం కొద్దిగానే తెలుసు. వారి తెలుగు మాటలను విన్నట్టుగా రాశాను, అన్నీ సరిగా విన్నానని చెప్పలేను. చర్చి నిర్మాణ శాస్త్రం నా విషయం కాదు. పీఠం తరలిన క్రమంలోనూ, ఆచారాల వివరాలలోనూ పొరపాట్లు దొర్లి ఉండవచ్చు. తెలిసిన పాఠకులు నిర్మొహమాటంగా దిద్దితే కృతజ్ఞుడను. ఒక్క గీతను మాత్రం దిద్దవద్దని మనవి. అది వంకరగానే సరిగ్గా ఉంది.